పని బయటికి ఇవ్వండి, తాళంచెవి మాత్రం ఇవ్వకండి: చిన్న దుకాణాల టెక్నాలజీ లెక్క

2025 సెప్టెంబర్ 22, సోమవారం. కొత్త జీఎస్టీ రేట్లు దేశమంతటా అమల్లోకి వచ్చిన రోజు. ఉదయం పదకొండింటికి మా మామూ ఫోన్ చేశారు. ఆయనకు పత్తర్‌గట్టిలో రెడీమేడ్ దుకాణం ఉంది. "బేటా, నువ్వు బీకాం చేశావు కదా, ఒకసారి రా. బిల్లు తప్పు పడుతోంది" అన్నారు.

వెళ్లి చూస్తే విషయం చిన్నదే. 1,800 రూపాయల సల్వార్ సూట్‌కి కంప్యూటర్ ఇంకా 12 శాతం పన్నే వేస్తోంది. కొత్త రేట్ల ప్రకారం 2,500 రూపాయల దాకా ఉన్న బట్టలకు 5 శాతమే. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆవిడ "తగ్గిందని టీవీలో చెప్పారు, మీరెందుకు తగ్గించరు?" అని నిలదీస్తోంది. రేటు మార్చాలంటే సాఫ్ట్‌వేర్‌లోకి అడ్మిన్ పాస్‌వర్డ్‌తో వెళ్లాలి. ఆ పాస్‌వర్డ్ మామూకి తెలీదు. మూడేళ్లుగా అది సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడి దగ్గరే ఉంది. ఆ రోజంతా అతని ఫోన్ బిజీ. అతన్ని అనడానికీ లేదు. నలభై దుకాణాలు ఒక్కడే చూస్తాడు. నలభై మందికీ ఒకే రోజు పని పడింది.

రెండు రోజులు చేతి బిల్లులతో నెట్టుకొచ్చారు. మూడో రోజు మామూ విసిగిపోయి "ఇక బయటివాళ్లను నమ్మేది లేదు. జీతమిచ్చి సొంతంగా ఒక మనిషిని పెట్టుకుంటా" అన్నారు. పక్క దుకాణం చాచా మాట వేరు. "నేనైతే అన్నీ ఒకే కంపెనీకి అప్పజెప్పేశా, నాకే తలనొప్పీ లేదు" అన్నారు.

ఈ వాదన పత్తర్‌గట్టికే పరిమితం కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో, కర్నూలు, కడప బజార్లలో, ఇంటి నుంచి బొటిక్ నడిపే మన అక్కచెల్లెళ్ల మధ్య కూడా ఇదే ప్రశ్న నడుస్తోంది. చిన్న వ్యాపారం తన కంప్యూటర్ పనులు బయటికి ఇవ్వాలా, సొంతంగా చూసుకోవాలా? నా అభిప్రాయంలో మామూ, చాచా ఇద్దరూ సగం సగమే కరెక్ట్. ఎందుకో లెక్కతోనే చూద్దాం.

ఇప్పటికే బయటికి ఇచ్చేశాం

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎవరో తయారుచేసింది. జీఎస్టీ రిటర్నులు అకౌంటెంట్ వేస్తాడు. యూపీఐ సౌండ్‌బాక్స్ ఇంకో కంపెనీది, నెలకింత అని అద్దె. సీసీ కెమెరాలు పెట్టినవాడు ఒకడు, కంప్యూటర్ బాగుచేసేవాడు ఇంకొకడు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసే అమ్మాయి మరొకరు. ఇవన్నీ బయటి సేవలే. కాగితం మీద రాసుకోలేదు కాబట్టి మనం వాటిని ఆ పేరుతో పిలవడం లేదు, అంతే.

కాబట్టి అసలు ప్రశ్న ఇవ్వాలా వద్దా అని కాదు. ఏ పని ఇవ్వాలి, ఏది మన చేతిలో ఉంచుకోవాలి, ఇచ్చిన పని ఎవరి పేరు మీద నడవాలి అన్నది.

డబ్బు లెక్క ఏం చెబుతోంది

ఒక ఊహా దుకాణం తీసుకుందాం. ఏడాదికి 90 లక్షల అమ్మకం, ఎనిమిది మంది పనివాళ్లు, రెండు కంప్యూటర్లు. సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎలాగూ ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం.

సొంత మనిషికి నెలకు 18,000 జీతం అనుకుంటే ఏడాదికి 2,16,000. పండగకు ఒక నెల బోనస్ కలిపితే 2,34,000. బయటికి ఇస్తే, కంప్యూటర్ల ఏఎంసీ నెలకు 2,500, రిటర్నులు వేసే అకౌంటెంట్‌కి నెలకు 3,000 అనుకుందాం. రెండూ కలిపి ఏడాదికి 66,000. దీనిపై 18 శాతం జీఎస్టీ 11,880. మొత్తం 77,880. తేడా లక్షన్నర పైనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్న దుకాణానికి, సేవ ఇచ్చినవాడు జీఎస్టీ బిల్లు ఇచ్చి, దాన్ని తన రిటర్నులో చూపిస్తే, ఆ 11,880 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. అంటే ఖర్చు 66,000 మాత్రమే. కాంపోజిషన్ స్కీంలో ఉన్నవాళ్లకు ఆ క్రెడిట్ రాదు, పూర్తి 77,880 జేబులోంచే పోతుంది. కొటేషన్ అడిగేటప్పుడు "జీఎస్టీతో కలిపా, విడిగానా?" అని అడగకుండా చాలామంది సంతకం పెట్టేస్తారు.

మరి బయటివాడు టైముకి రాకపోతే నష్టం? రంజాన్ చివరి పది రోజుల్లో ఈ దుకాణం రోజుకు లక్షన్నర అమ్ముతుందనుకుందాం. సగం రోజు బిల్లింగ్ ఆగితే 75,000 అమ్మకం పోయింది. 20 శాతం మార్జిన్ మీద 15,000 నష్టం. బాధాకరమే. కానీ ఇలాంటి ప్రమాదం ఏడాదికి పదిసార్లకు పైగా జరిగితే తప్ప సొంత మనిషి జీతానికి సరిపోదు.

అంటే డబ్బు వరకే చూస్తే, ఈ సైజు దుకాణానికి బయటికి ఇవ్వడమే లాభం. పైగా 18,000 జీతానికి దొరికే ఒకే మనిషికి హార్డ్‌వేర్, జీఎస్టీ, వెబ్‌సైట్, సెక్యూరిటీ అన్నీ తెలిసుండవు. అతను పని నేర్చుకుని వేరేచోటికి వెళ్లిపోతే మళ్లీ మొదటికే వస్తాం. మామూ కోపం న్యాయమే అయినా, ఆయన నిర్ణయం లెక్కకు నిలవదు.

అసలు నష్టం ఎక్కడుంది

మరి చాచా మాట కరెక్టా? అదీ కాదు. మామూ దుకాణంలో ఆ వారం ఇంకో విషయం బయటపడింది. జీఎస్టీ పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబర్, ఈమెయిల్ రెండూ మామూవి కావు, పాత అకౌంటెంట్‌వి. ఆయన సౌదీ వెళ్లి ఏడాది దాటింది. నంబర్ ఆగిపోయింది. ఓటీపీలు ఎటో పోతున్నాయి. డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఒక నోటీసు నెలల తరబడి ఎవరూ తెరవని ఈమెయిల్‌లో పడి ఉంది. మళ్లీ నంబర్ మార్పించుకోవడానికి మామూ కాగితాలు పట్టుకుని తమ పరిధిలోని ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది.

ఎవరూ మోసం చేయలేదు. రిజిస్ట్రేషన్ రోజు "నా నంబర్ ఇచ్చేస్తా భాయ్, మీకెందుకు ఇబ్బంది" అని అకౌంటెంట్ అన్నాడు, మామూ సరే అన్నారు. అక్కడే పనితో పాటు తాళంచెవి కూడా చేతులు మారింది.

దాని ఫలితం చట్టం ముందు ఎవరి మీద పడుతుంది? నెలవారీ రిటర్నులు వేసేవాళ్లు జీఎస్టీఆర్-1 పదకొండో తేదీకి, 3బీ ఇరవయ్యో తేదీకి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, అమ్మకాలు లేని నెలకైతే 20. కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. అకౌంటెంట్ మర్చిపోయినా ఇవన్నీ పడేది దుకాణం జీఎస్టీ నంబర్ మీదే. జీఎస్టీఆర్-1 వేయకపోతే మన దగ్గర హోల్‌సేల్‌గా కొన్నవాళ్లకు క్రెడిట్ కనిపించదు. వాళ్లు తర్వాతి సీజన్‌కి వేరే దుకాణం చూసుకుంటారు.

రేటు విషయమూ అంతే. సాఫ్ట్‌వేర్ తక్కువ పన్ను వేస్తే తేడా మన జేబులోంచి కట్టాలి. ఎక్కువ వేస్తే ఆ ఎక్కువ మనం ఉంచుకోకూడదు, ప్రభుత్వానికి కట్టాలి. బట్టల్లో ఇంకో సూక్ష్మం ఉంది. 2,700 రేటున్న డ్రెస్‌ని బిల్లులోనే డిస్కౌంట్ చూపించి 2,450కి అమ్మితే, అమ్మిన ధర మీదే లెక్క కాబట్టి 5 శాతం. సాఫ్ట్‌వేర్ డిస్కౌంట్‌కి ముందున్న రేటు చూసేలా పెట్టి ఉంటే 18 శాతం వేసేస్తుంది. ఈ తేడా సాఫ్ట్‌వేర్ కుర్రాడికి తట్టకపోవచ్చు, రోజూ బేరమాడే దుకాణదారుడికి తెలుస్తుంది.

బ్యాంకులకే తప్పలేదు

"మనది చిన్న దుకాణం, మన మీద ఎవడు కన్నేస్తాడు?" అనే మాట తరచుగా వింటాం. 2024 జూలై చివర్లో జరిగింది గుర్తుచేసుకోవాలి. సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. కంప్యూటర్లలోని డేటాకు తాళం వేసి, తీయాలంటే డబ్బు అడిగే దాడి ఇది. ఆ సంస్థ చిన్న సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు టెక్నాలజీ సేవలు అందిస్తుంది. దాడి పాకకుండా ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం లాంటి సేవలు ఆగిపోయాయి. ఆగస్టు 1కి తిరిగి కలిపారు.

ఆ బ్యాంకుల మీద నేరుగా ఎవరూ దాడి చేయలేదు. వాటికి సేవలిచ్చే ఒకే ఒక్క చోట దెబ్బ తగిలితే అన్నీ ఆగాయి. "అన్నీ ఒకే కంపెనీకి అప్పజెప్పేశా" అన్న చాచా మాటలో ఉన్న ప్రమాదం సరిగ్గా ఇదే.

బ్యాంకులు టెక్నాలజీ పనులు బయటికి ఇవ్వడంపై రిజర్వ్ బ్యాంక్ 2023 ఏప్రిల్‌లో నిబంధనలు ఇచ్చింది, అవి అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పని బయటికి ఇవ్వొచ్చు కానీ బాధ్యత బ్యాంకుదే. ఆ నిబంధనలు దుకాణాలకు వర్తించవు. అందులోని తెలివి మాత్రం అందరికీ పనికొస్తుంది.

మన ఆడవాళ్ల నంబర్లు ఎవరి కంప్యూటర్‌లో ఉన్నాయి?

ఇది మన ఇళ్లకు దగ్గరి విషయం. లేడీస్ టైలరింగ్, బొటిక్, మెహందీ, డయాగ్నస్టిక్ సెంటర్, ట్యూషన్. వీటన్నిటి దగ్గరా ఆడవాళ్ల, పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉంటాయి. బొటిక్ దగ్గరైతే కొలతలు, ఒక్కోసారి ఫొటోలు కూడా. సాఫ్ట్‌వేర్ బాగుచేసే మనిషి ఎనీడెస్క్ లాంటి యాప్‌తో ఎక్కడినుంచో మన కంప్యూటర్ తెరుస్తాడు. పని అయ్యాక ఆ దారి మూశామా లేదా అని ఎవరూ చూడరు.

ఒక ఆవిడ తన నంబర్ దుకాణానికి ఇచ్చిందంటే అది అమానత్. దుకాణదారుడి దగ్గర పెట్టిన నమ్మకం అది, అతని సాఫ్ట్‌వేర్ మనిషి దగ్గర పెట్టింది కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా దాదాపు ఇదే అంటోంది. డేటా సేకరించినవాళ్లే బాధ్యులు. వాళ్ల తరఫున వేరేవాళ్లు ఆ డేటా చూసినా బాధ్యత పోదు. బయటివాళ్లకు ఇవ్వాలంటే సరైన ఒప్పందం ఉండాలి. భద్రతా చర్యలు తీసుకోకపోతే గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న దుకాణానికి అంత వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందో చెప్పడానికి అంటున్నా. ఈ చట్టం నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. సర్దుకోవడానికి టైం ఉంది, అలా అని వదిలేసేంత టైం కాదు.

ఏది ఇవ్వాలి, ఏది ఉంచుకోవాలి

నాకు తోచిన కొలబద్ద ఇది. అరుదుగా వచ్చే పని, ప్రత్యేక చదువు కావాల్సిన పని బయటికి ఇవ్వాలి. రోజూ కౌంటర్ మీద జరిగే పని, కస్టమర్‌తో ముడిపడ్డ పని ఇంట్లో నేర్చుకోవాలి.

కంప్యూటర్ రిపేర్, నెట్‌వర్క్, కెమెరాలు, వెబ్‌సైట్ తయారీ, రిటర్నులు దాఖలు చేయడం బయటికే. పాత కంప్యూటర్ల మార్పు కూడా ఇందులోదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. చాలా దుకాణాల్లో ఇంకా అదే నడుస్తోంది. ఏం చేయాలో తెలిసినవాడిని పిలిచి అడగాల్సిన పని ఇది. అమ్మకం 5 కోట్లు దాటినవాళ్లు వ్యాపారులకు అమ్మే సరుకుకు ఈ-ఇన్వాయిస్ ఇవ్వాలనే రూలు 2023 ఆగస్టు 1 నుంచి ఉంది. ఆ స్థాయికి వస్తే నిపుణుడి సాయం తప్పదు.

రేట్ల పట్టిక మార్చడం, కొత్త సరుకు ఎక్కించడం, రోజువారీ బ్యాకప్, కస్టమర్లకు వాట్సాప్‌లో జవాబివ్వడం మాత్రం మనమే చేయాలి. దీనికి ఇంజినీర్ అక్కర్లేదు. డిగ్రీలో ట్యాలీ నేర్చుకుని, పెళ్లయ్యాక ఇంట్లోనే ఉంటున్న కూతురో కోడలో చాలా కుటుంబాల్లో ఉన్నారు. రోజుకు గంట చాలు, ఇంటి నుంచే చేయొచ్చు. బయటివాడికి ఇచ్చే డబ్బులో కొంత ఆ అమ్మాయి చేతికి గౌరవంగా జీతంగా ఇస్తే, తెలివి ఇంట్లోనే మిగులుతుంది.

ఇక రెండు మూడు బ్రాంచీలు పెట్టి, స్టాకు ఒకేచోట చూడాల్సి వచ్చినా, అమ్మకంలో సగం ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నా, అప్పుడు మామూ అన్నట్టు సొంత మనిషే మేలు. అప్పుడు కంప్యూటర్ ఆగడమంటే దుకాణం షట్టర్ దించినట్టే.

చేయి కలిపే ముందు అడగాల్సినవి

ఒకటి, అన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయి? జీఎస్టీ పోర్టల్ మొబైల్, ఈమెయిల్, వెబ్‌సైట్ పేరు, గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం లిస్టింగ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బిజినెస్ నంబర్. అన్నిటికీ యజమాని మీరే ఉండాలి, వాళ్లకు పనిచేసేంత అనుమతి మాత్రమే ఇవ్వాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలోకి వెళ్లడానికి పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ అందరికీ తప్పనిసరి అయింది. ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందన్నదే ఇప్పుడు పెద్ద ప్రశ్న.

రెండు, బ్యాకప్ ఎక్కడుంది? ఉంది అంటే సరిపోదు. ఒకసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపించమనండి. ఒక కాపీ దుకాణం బయట ఉండాలి.

మూడు, రంజాన్‌లో, దసరాలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తారు? తను రాలేకపోతే ఎవరిని పంపుతారు?

నాలుగు, పనిచేసే ప్రతి మనిషికీ వేరు లాగిన్ ఉందా? మానేసిన రోజే దాన్ని తీసేస్తారా?

ఐదు, వాళ్ల తప్పు వల్ల లేట్ ఫీజు పడితే ఎవరు భరిస్తారు?

ఆరు, రేపు విడిపోతే మన డేటా ఎన్ని రోజుల్లో, ఎక్సెల్ లాంటి మామూలు రూపంలో ఇస్తారు?

ఈ ఆరింటికీ జవాబులు ఒకే పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే చాలు. ఒకవేళ ఆన్‌లైన్ మోసం జరిగితే మొహమాటపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

"మనోడే కదా, కాగితం ఎందుకు?"

అసలు అడ్డంకి ఇదే. మన కారోబార్ చాలావరకు జబాన్ మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు బంధువో, స్నేహితుడి కొడుకో అయ్యుంటాడు. కాగితం అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. కానీ సౌదీ వెళ్లిన ఆ అకౌంటెంట్ కూడా మనోడే. చెడ్డవాడు కాదు. మనిషి ఊరు మారతాడు, జబ్బు పడతాడు, పని మానేస్తాడు. కాగితం అనుమానం కోసం కాదు, మనిషి లేనప్పుడు పని ఆగకుండా ఉండటం కోసం.

ఆ కాగితం అతనికీ రక్షణే. ఏ పని తనది, ఏది కాదు, డబ్బు ఎప్పుడు వస్తుంది అన్నది అతనికీ తేలాలి. నలభై దుకాణాలు చూసే ఆ కుర్రాడికి ఎంతమంది నెలల తరబడి బాకీ పడ్డారో అడిగితే తెలుస్తుంది. అతను ఉద్యమ్‌లో రిజిస్టర్ అయి ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. టైముకి డబ్బు ఇవ్వని దుకాణం, టైముకి సర్వీస్ అడగడం ఏం న్యాయం?

మామూ చివరికి సొంత మనిషిని పెట్టుకోలేదు. అదే కుర్రాడితో ఏఎంసీ కొనసాగించారు, ఈసారి ఒక పేజీ రాసుకుని. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పుడు ఇద్దరి దగ్గర ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో మామూ నంబరే ఉంది. రేట్లు, కొత్త సరుకు మామూ చిన్న కూతురు చూస్తోంది, ఆదివారం రాత్రి బ్యాకప్ కూడా ఆమే తీస్తోంది.

రంజాన్ సీజన్‌కి సరుకు తెచ్చే ముందు ప్రతి దుకాణదారుడూ ఒక పని చేయాలి. జీఎస్టీ పోర్టల్ తెరిచి, అందులో ఉన్న ఫోన్ నంబర్ ఎవరిదో చూసుకోవాలి. ఐదు నిమిషాల పని. అది మీ నంబర్ కాకపోతే, మొదట సరిచేయాల్సింది అదే.